నా కంట్లో దూలం

అప్పుడు కలకత్తాలోని వాట్‌గంజ్‌లో ఉండేవాళ్లం. మా అమ్మకు చదువు రాదు. రోజూ సాయంత్రం బైబిల్ నేనే చదివి వినిపించేదాన్ని. బెంగాలీ బడిలో చదివిన నాకు తెలుగు తడబాటే. వదినతో కుళాయి దగ్గర గొడవపడి మాటలు మానేసిన రోజున, ఎదుటివారి కంట్లో నలుసు, మన కంట్లో దూలము అన్న చోటు వచ్చింది. దూలమంటే బెంగాలీ ‘ధూలో’, అంటే దుమ్మే అనుకున్నాను.

“నలుసైనా దుమ్మైనా ఒకటే కదమ్మా. తప్పు ఇద్దరిదీ సమానమే,” అన్నాను దర్జాగా.

లోడ్‌షెడ్డింగ్‌లో వెలిగించిన లాంతరును అమ్మ పైకెత్తింది. ఇంటి కప్పును మోస్తున్న లావుపాటి దుంగ కనిపించింది.

“దూలమంటే అదే. ఇప్పుడు సెప్పు, నీ కంట్లో ఏటుంది?”

వంటగదిలోకి వెళ్లి, బొగ్గుల పొయ్యి పొగకు కళ్లు నలుపుకుంటున్న వదిన చేతిలోంచి విసనకర్ర తీసుకున్నాను.