జేజి చేయి ఆగిన రేడియో

మా చిన్నప్పుడు మా ఇంటికి ఒకే రోజు రెండు రేడియోలు వచ్చాయి... కొన్నవి కావు, చూసుకోవడానికి వచ్చినవి. మా అనంతపురంలోనే రేడియోల అంగడి పెట్టిన శెట్టిగారు వాటిని జట్కాలో పంపించారు. "రెండు దినాలు ఇంట్లో పెట్టుకో మస్తానూ. నచ్చింది ఉంచుకో, ఇంగోటి పంపించు" అన్నారట.

మస్తాను అంటే మా నాయన. దూదేకి పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టడం మా ఇంటి పని. మా వీధికి కరెంటు వచ్చిన కొత్త అది. రేడియో మా కోసం కాదు, మా జేజి కోసం. జేజి అంటే నాయనమ్మ. కళ్ళలో పువ్వు పడి చూపు పోయింది. మేమంతా పనుల్లో ఉంటే ఆమె ఒక్కతే పగలంతా వసారాలో నులకమంచం మీద కూర్చునేది... పక్కన మాట వినిపించే తోడు ఒకటి ఉండాలని నాయన ఆశ.

రెండిట్లో ఒకటి నూట ఎనభై రూపాయలు. రేకు పెట్టె, రెండు నల్ల గుండీలు, అంతే. రెండోది మూడు వందల ఇరవై. నున్నటి చెక్క, గుండ్రటి మూలలు, జరీ లాంటి గుడ్డ, స్టేషన్ సరిగ్గా దొరికితే మెల్లగా ముడుచుకునే పచ్చ కన్ను... ఆ కన్ను చూడ్డానికే వీధి పిల్లలంతా మా గడపలో చేరారు.

అమ్మ బెంగ వంటింటి కప్పు గురించి. రెండేళ్ళుగా రేకులు మార్చమని అడుగుతోంది. ఆ రెండు రేడియోల ధరల మధ్య తేడాతో రేకులు వచ్చేస్తాయి.

"రెండూ పాడేది ఒకటే పాట కదయ్యా" అంది నాయనతో, జేజికి వినపడకుండా. "అత్తకు ఆ చెక్కేమన్నా కనపడుతాదా, ఆ పచ్చ కన్నేమన్నా కనపడుతాదా? రేకుది చాలు. మిగిలిన దుడ్లతో కప్పు వేయించు. వాన వస్తే పొయ్యి ఆరిపోతాది."

"వాన వస్తే కదా!" అన్నాడు నాయన.

"వచ్చిన రోజు నీ రేడియోను నెత్తిన పెట్టుకొని వంట చేస్తా."

ఎటూ తేలక నాయన రెండిటినీ తెచ్చి జేజి ముందు పెట్టాడు. పత్తిని రెండు వేళ్ళ మధ్య నలిపి అది ఏ ఊరి చేనుదో, గార్లదిన్నెదో గుమ్మఘట్టదో చెప్పే చేతులవి. రేకు పెట్టెను ఒక్కసారి తడిమి, "సద్ది డబ్బా మాదిరి ఉండాది" అంది. చెక్కదాని మీద చేయి పెట్టింది... అక్కడే ఆగింది. తర్వాత మూలల వెంట, గుండీల చుట్టూ, గుడ్డ అల్లిక మీద వేళ్ళు నెమ్మదిగా తిరిగాయి.

"ఈ మూల కాడ ఎవురో శానాసేపు కూర్చొని పని చేసినారు మస్తానూ... ఎంతంట?"

నాయన చెప్పాడు.

"అబ్బో! నాకెందుకురా అంతది? ఆ డబ్బానే ఉంచు. వార్తలు చెప్తాది కదా, చాలు."

అన్నది గానీ... చేయి మాత్రం చెక్క మీద నుంచి తీయలేదు.

నాయన ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ కూడా చూసింది. చివరికి అమ్మే, "ఆ డబ్బాను శెట్టికి పంపించు పో. వాన ఎట్లాగూ రాదు" అంది.

అంత ఖరీదైన వస్తువు మీద మా ఊరి గాలిదుమ్ము పడొచ్చా? నాయన ఆ సాయంత్రమే మంచి దూది ఎంచి, పూల చీటిగుడ్డతో రేడియోకు బొంత కుట్టాడు. ముందువైపు చిన్న కిటికీ వదిలి, మిగతా అంతా మందంగా దూది. మాకు తెలిసిన మర్యాద అదే... విలువైనదాన్ని మెత్తగా కప్పడం.

చూడ్డానికి వచ్చిన పక్కింటి నబీ మామ ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఏమప్పా మస్తానూ, రేడియో కొన్నావంటే వచ్చినా. దిండు చూపిస్తాండావే!"

మూడో రోజు మధ్యాహ్నం పాటలు వస్తున్నాయి. ఆ చెక్కను తాకాలనిపించి జేజి బొంత కిందికి చేయి పోనిచ్చింది. వెంటనే కేక... "మస్తానూ, బిర్న రా! దీనికి జరమొచ్చినాది!"

అందరం నవ్వాం. నాయన కూడా నవ్వుతూనే వచ్చి, చేయి పెట్టి చూసి నవ్వు ఆపేశాడు. కాలిపోతోంది. స్విచ్చి ఆపేసి శెట్టిగారి అంగడికి పరుగెత్తాడు.

శెట్టిగారు వచ్చి బొంత పైకెత్తి తల పట్టుకున్నారు. "లోపల వాల్వులు దీపాల మాదిరి కాల్తాంటాయప్పా. గాలి ఆడాల. ఎండాకాలంలో నీకు బొంత కప్పి పాడమంటే పాడతావా? ఇంగొంచెం సేపుంటే నీ మున్నూరూ పొగయిపోయేది. కండ్లుండే మీరంతా ఏం చేస్తాంటిరి?"

జేజి ఒక్కతే ముసిముసిగా నవ్వుతోంది.

ఆ బొంత విప్పి జేజికి దిండు కుట్టారు. రేడియోకు మళ్ళీ ముసుగు వేయలేదు. రోజూ పొద్దున పాత పంచె ముక్కతో దాన్ని తుడిచే పని జేజిదే అయింది. చలికాలంలో దాని మీద అరచేతులు కాచుకునేది.

ఆ ఏడు వాన పడలేదు, వంటిల్లు కారలేదు. మరుసటి ఏడు పడింది... పొయ్యి ఆరిపోయింది. అమ్మ కారేచోటల్లా గిన్నెలు పెడుతూ నాయన వైపు ఒక చూపు చూసింది. ఆమె నోరు తెరిచేలోపే జేజి రేడియో గొంతు పెంచేసింది.

పోయిన వారం మనవడు నన్ను టీవీల అంగడికి తీసుకుపోయాడు. గోడకు పటంలా అతుక్కునే టీవీ, చుట్టూ చెక్క చట్రం. మామూలుదానికి రెండింతల ధర. "అంత పెట్టొచ్చంటావా తాతా?" అని అడిగాడు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే... చట్రం మూల మీద చేయి పెట్టబోయాను.

"ముట్టుకోవద్దు తాతా, మరకలు పడతాయి" అన్నాడు అంగడి అబ్బాయి, మర్యాదగానే.

చేయి వెనక్కి తీసుకున్నాను. కొనాలో వద్దో ఇంకా చెప్పలేదు... తాకకుండా విలువ కట్టడం మా ఇంట్లో నాకెవరూ నేర్పలేదు.

మీ ఇంటికి వచ్చిన మొదటి రేడియో మీద ఎక్కువసేపు ఆగిన చేయి ఎవరిది? గుర్తుంటే రాయండి...