ఏడు జిల్లేడు ఆకులు

మడికొండలో కొత్తగా లేచిన కాలనీలో మాది చివరి ఇల్లు. ప్రహరీ వెంట మూరెడు వెడల్పున మట్టి వదిలి కట్టించుకున్నాం. అందులో తంగేడు, గునుగు, తుమ్మి పెంచుతాను. గేటు పక్కన ఒక జిల్లేడు. అది నేను నాటింది కాదు, గాలికొచ్చి మొలిచింది. దాన్ని పీకకుండా ఉండటమే నేను చేసిన సేద్యం.

మిగతా ఇళ్ల ముందు నర్సరీ నుంచి తెచ్చిన క్రోటన్లు. పురుగు పట్టదని చెప్పి మరీ అమ్ముతారు. పురుగే లేని చోటికి పిట్ట దేనికి వస్తుంది? అది ఎవరికీ పట్టదు.

ఎదురింటి అక్కకు నా జిల్లేడు కంట్లో నలుసు.

"పాడువడ్డ ఇంట్ల మొలిసేది జిల్లేడు. మంచిగున్న ఇంటి ముంగట అదెందుకే చెల్లె?" అనేది.

"ఇల్లు పాడువడ్డంక జిల్లేడు మొలుస్తదక్కా. జిల్లేడు మొలిస్తే ఇల్లు పాడువడదు," అన్నాను ఒకసారి.

నవ్వింది. ఆ నవ్వును నమ్మాను.

వానలు పడ్డాక ఆ చెట్టు నిండా పురుగులు. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో ఉండేవి. ఆకు తిని బలిసి, గూడు కట్టి, నారింజ రంగు సీతాకోకచిలుకలై ఎగిరిపోయేవి. మా వాకిట్లో వాటికి పనికొచ్చే ఆకు అదొక్కటే.

ఒకరోజు కాలనీ వాట్సాప్ గ్రూపులో అక్క మెసేజీ పెట్టింది. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కూడబలుక్కుని చదివాను. చివరింటి పిచ్చిమొక్కలతో కాలనీ పరువు పోతోందట. నాకు చదవడం రాదు, బొమ్మ చూసి మంచి మాటే అనుకుంటాననుకుందేమో, పక్కనే దండం బొమ్మ కూడా పెట్టింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు షుగర్ చూపించుకోవడానికి దవాఖానకు పోయాను. తిరిగొచ్చేసరికి జిల్లేడు రోడ్డు మీద పడి ఉంది. తెగిన మొదలు నుంచి పాలు కారుతున్నాయి. మురుగు మోరీలు తీసే ఇద్దరు కత్తులు కడుక్కుంటున్నారు.

"ఎవలు కొట్టుమన్నరు?"

"ఎదురింటమ్మ. నువ్వే చెప్పమన్నవట గదా అమ్మా."

సగం పురుగులు బండ్ల చక్రాల కింద పడ్డాయి. మిగిలినవాటిని చాటలోకి ఏరుకుని, వెనక ఖాళీ ప్లాటులోని జిల్లేడు మీద వదిలాను. మా ఆయన గేటు దగ్గర నిలబడి, "పురుగుల కోసం గింత లొల్లా?" అన్నాడు.

అక్క దగ్గరికి పోయాను. "నన్నడుగకుంట నా చెట్టెట్ల కొట్టిపిస్తవ్?"

"నీ మంచికేనే. మంచి క్రోటన్ తెచ్చిస్త తీయ్."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

అయితే జిల్లేడు వేరు మొండిది. చలికాలానికి మోకాలెత్తు చిగురించింది. ఎక్కడి నుంచి వచ్చాయో, సీతాకోకచిలుకలు మళ్లీ గుడ్లు పెట్టాయి.

రథసప్తమి పొద్దున గేటు చప్పుడైంది. తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసే పండుగ అది. అక్క చేతిలో ఇత్తడి పళ్లెంతో నిలబడి ఉంది.

"ఏడాకులియ్యవా చెల్లె. కాలనీ అంత తిరిగిన. ఎనుక ప్లాటుల సుత బేస్‌మెంట్ పోసిండ్రు, ఒక్క చెట్టు లేదు."

"పాడువడ్డ ఇండ్లల్ల చూడరాదా అక్కా?"

"పండుగ పూట గట్లనకే."

"చిల్లు లేని ఆకు దొరికితే తెంపుకో," అని పక్కకు జరిగాను.

వంగి ఒక్కో ఆకూ తిప్పి చూసింది. అన్నిటికీ చిల్లులే. చివరికి ఒకటి కాస్త నిండుగా కనబడింది. దాని అంచున పురుగు పాకుతోంది. దులపబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"అది తింటాంది."

"పురుగే గదనే."

"తినేటోళ్ల ముంగట కంచం గుంజుతరా అక్కా?"

చెయ్యి విడిపించుకుని ఖాళీ పళ్లెంతో రోడ్డు దాటింది. లోపలి నుంచి మా ఆయన, "ఏడాకులిస్తే ఏం పోయేది?" అన్నాడు.

గేటుకు గొళ్లెం పెట్టాను.