వదినకు ఒకటి చాలదు

మా ఆయన అక్క, అంటే నాకు వదిన, ఆసుపత్రిలో స్టోర్ ఇన్‌చార్జి. సూది దగ్గర్నుంచి డయాలసిస్ మందునీళ్ల క్యాన్ల దాకా ఏ సరుకు ఎవరి దగ్గర్నుంచి, ఏ దారిన రావాలో చూసేది ఆవిడే. "ఒక్కణ్ణే నమ్ముకున్నామంటే గోవిందా!" అనేది ఆవిడ ఊతపదం. అందుకే ప్రతి సరుకుకీ ఇద్దరు సప్లయర్లు, రెండు రోడ్లు. ఇంట్లోనూ అదే పిచ్చి. రెండు పొయ్యిలు, రెండు గొడుగులు, ఒకే రకం చెప్పులు రెండు జతలు.

"ఇంకో మొగుణ్ణి కూడా పక్కన పెట్టుకోవాల్సిందక్కా" అని మా ఆయన ఆటపట్టిస్తే, "ఉన్నవాడితోనే చస్తున్నా, పోరా!" అనేది.

మా ఆయనకు కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు ఆ ఆసుపత్రిలోనే డయాలసిస్. వదిన కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది కూడా. ఆవిడే ఒప్పుకోలేదు. "ఒకటే మిగిలి, అదీ పోతే నా గతేంటి?" అంది. మా ఆయన మళ్లీ ఆ ఊసెత్తనివ్వలేదు. నేనూ అడగలేదు గానీ, లోపల కడుపు రగిలిపోయేది. ఆవిడ వస్తే మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఆ ఏడు వానలకు ఎక్కడో ఒక ఫ్యాక్టరీ మునిగింది. దాని పేరైనా మేమెవరమూ వినలేదు. మొదటి సప్లయర్ క్యాన్లు లేవన్నాడు. వదిన తొణక్కుండా రెండో అతనికి ఫోన్ చేసింది.

"మా దగ్గరా లేవు మేడమ్."

"మీ రోడ్డు బాగానే ఉందిగా?"

"రోడ్డుకేం, బ్రహ్మాండంగా ఉంది. క్యాన్లలో కలిపే పొడే రావట్లేదు. మేమిద్దరం కొనేది ఆ మునిగిన ఫ్యాక్టరీ దగ్గరే కదా."

లారీలు ఎవరివి, గోదాము ఎత్తు మీదుందా, పల్లంలో ఉందా అని అన్నీ ఆరా తీసిన మనిషి, ఈ ఒక్కటీ అడగలేదు.

ఉన్న క్యాన్లనే రోగులందరికీ సర్దాలి. అందరికీ డయాలసిస్ తగ్గించారు. తమ్ముడు కదా అని వదిన మినహాయింపు అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక మంచం మీద కూర్చునే ఉండేవాడు. వదిన ఫోను చెవికి అంటించుకుని ఊళ్లన్నీ గాలించింది. చివరికి పొడి సొంతంగా చేసుకునే కంపెనీ ఒకటి చాలా దూరాన దొరికింది. వాళ్ల లారీ వచ్చేసరికి మా ఆయన నడవలేని స్థితిలో ఉన్నాడు. చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్లారు.

ఆయన కోలుకున్నాక వదిన సప్లయర్లందర్నీ పిలిపించింది. "మీరెవరి దగ్గర కొంటారు? వాళ్లెవరి దగ్గర?" అని మొదలంటా తవ్వింది. దూరపు కంపెనీకీ కొంత సరుకు ఖాయం చేసింది.

ఒక సాయంత్రం నేరుగా మా వంటింట్లోకే వచ్చింది.

"డాక్టరుతో మాట్లాడొచ్చాను. పరీక్షలు మళ్లీ చేస్తారట. వాడికి నా కిడ్నీ ఇస్తాను."

ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట. ఎగిరి గంతెయ్యాలి నిజానికి. తీరా విన్నాక నాకు భయం వేసింది.

"మీకు ఒకటే మిగులుతుంది వదినా" అన్నాను.

"తమ్ముళ్లు మాత్రం నాకు ఇద్దరున్నారా?" అంది.