ఆకుకు ఒక చెంచా పప్పు

మా అమ్మ ఒక్క పెళ్ళి కూడా చూసి ఎరుగదు. తన పెళ్ళిలో తల వంచుకుని కూర్చుంది కాబట్టి అదీ లెక్కలోకి రాదు. నాన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, దాయాదుల పిల్లలు, ఎవరి పెళ్ళి జరిగినా ఆమె పొయ్యి దగ్గరే ఉండేది. తిరువళ్ళూరు చుట్టుపక్కల మా బంధువుల్లో నాలుగు వందల మందికి సరిగ్గా ఉప్పు వేయగల మనిషి ఆమె ఒక్కతేనని పేరు పడింది. అలాంటి పేరు ఒకసారి వచ్చిందంటే ఇక పోదు. గట్టిమేళం వినపడగానే తాళి కడుతున్నారని తెలుసుకుని, వంటింట్లోంచే రెండు చేతులూ జోడించి, మళ్ళీ రసం సంగతి చూసుకునేది.

డెబ్బైల చివర్లో నా పెళ్ళి కుదిరినప్పుడు నాన్న ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఆయన రోజూ కరెంటు రైలెక్కి ఆవడి ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. అక్కడ క్యాంటీన్‌ను కాంట్రాక్టుకు ఇచ్చారు. గంట కొట్టగానే అందరికీ అన్నం వచ్చేస్తుంది, ఎవరింటి ఆడవాళ్ళూ చెమటలు తుడుచుకోనక్కర్లేదు. ఆయన కాంట్రాక్టు అనే మాటను దేవుడి పేరు పలికినట్టు పలికేవాడు. తిరుత్తణిలో కొండ కింద సత్రంలో పెళ్ళి, వంట కాంట్రాక్టుకు అని తేల్చేశాడు. మావాళ్ళలో అంతవరకూ ఎవరూ అలా చేయలేదు. ఇంటికొచ్చిన చుట్టాలకు బయటివాళ్ళ చేత వండించి పెట్టడమేమిటని పెద్దలు మూతులు ముడిచారు. ఆయన వినలేదు.

అమ్మతో మాత్రం, "ఈ తూరి నువ్వు గరిటె ముట్టకూడదు. పట్టుచీర కట్టుకోని, బిడ్డ మెళ్ళో తాళి పడేది చూడాల. అంతే," అన్నాడు.

అమ్మ ఆ వారంలో రెండుసార్లు నన్ను పక్కకు పిలిచి, తాళి కట్టేటప్పుడు పెళ్ళికూతురి తల్లి ఎక్కడ నిలబడుతుందో అడిగింది. నాకేం తెలుసు? నేను ఎప్పుడూ ఆ సమయానికి అమ్మకు కొబ్బరి తురిమి ఇస్తూ ఉండేదాన్ని.

కాంట్రాక్టరు ఒకరోజు ఇంటికి వచ్చి తమిళంలో రాసిన సరుకుల జాబితా ఇచ్చాడు. అమ్మ చూస్తానంది. నాన్న చూపించలేదు. చూపిస్తే మళ్ళీ వంటలోకి దించినట్టే కదా అన్నాడు. ప్రేమతో అన్న మాటే, కాదనను. ఫ్యాక్టరీలో అలవాటైన పద్ధతిలో ప్రతి వరుసా వేలు పెట్టి చదివి, కింద సంతకం చేశాడు. నాలుగు వందల మందికి కందిపప్పు ఎంత పడుతుందో ఆయనకు తెలియదు. పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించిన మనిషి కాదు.

పెళ్ళినాటి పొద్దున తెలిసిన సంగతేమిటంటే, అదే వీధిలో ఇంకో రెండు సత్రాల పెళ్ళి వంట కూడా మా కాంట్రాక్టరుదే. మూడింటి మధ్యా సైకిలు మీద తిరుగుతున్నాడు. మాకు ఇడ్లీ వచ్చింది. చట్నీ పక్క సత్రానికి వెళ్ళింది. వాళ్ళకు ఇడ్లీ ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు. నాన్న మగపెళ్ళివారికి దగ్గరుండి ఇడ్లీలోకి చక్కెర వేయించి, ఇది తిరుత్తణి పద్ధతి అని చెప్పాడు. వాళ్ళు నమ్మారు.

పప్పు సంగతి అలా నమ్మించేది కాదు. మా బంతిలో మొదట పప్పే. వేడి అన్నం మీద గరిటె నిండా ముద్దపప్పు, దాని మీద నెయ్యి; ఆ వంతు అయ్యాకే సాంబారు ముఖం చూస్తారు. కాంట్రాక్టరు వండే తమిళుల పెళ్ళిళ్ళలో పప్పును శుభమని ఆకు మూలన ఒక చెంచా వేస్తారు, తర్వాత నేరుగా సాంబారే. రెండూ మంచి పద్ధతులే. ఒకదాని కొలత ఇంకోదానికి చాలదు, అంతే. మగపెళ్ళివారు ఊత్తుకోట నుంచి వచ్చిన మావాళ్ళే, తెలుగువాళ్ళు. పప్పు పడనిదే అన్నంలో చెయ్యి పెట్టరు, పప్పు తక్కువైన పెళ్ళిని మూడు తరాలు మరిచిపోరు.

కన్యాదానానికి అమ్మ నీళ్ళు పోసింది. తర్వాత నాకు ఎదురుగా స్తంభం పక్కన కుర్చీలో కూర్చుంది. ఆమె ఉందో లేదోనని నాన్న రెండుసార్లు తిరిగి చూసుకున్నాడు. అప్పుడే మా మేనత్త కాఫీ కోసం వంటింట్లోకి వెళ్ళి వచ్చి, అమ్మ చెవి దగ్గర వంగింది.

"ఒదినే, పప్పు చూస్తివా? బొమ్మల పెండ్లికి వండినట్టుండాది."

అమ్మ నావైపు చూసింది. నాన్న అయ్యవారి వెంట మంత్రాన్ని తప్పుల్తో చెబుతున్నాడు. ముహూర్తానికి ఇంకా చాలా టైముందని ఎవరో అన్నారు. అమ్మ లేచి వెళ్ళింది.

కాంట్రాక్టరు మూడో సత్రంలో ఉన్నాడట. వంటవాళ్ళు ఏమీ దాచకుండా నాన్న సంతకమున్న జాబితా తీసి చూపించారట. అమ్మ వాళ్ళతో మాట్లాడకుండా నా సారె మూటలు విప్పి, మా చేలో పండిన కందిపప్పు అంతా ఎసట్లో పోసింది. నాతోపాటు అత్తగారింటికి వెళ్ళవలసిన పప్పును అత్తగారివాళ్ళే ఇక్కడికి వచ్చి తినేశారన్నమాట.

గట్టిమేళం మోగింది. నేను తల ఎత్తకూడదు, ఎత్తాను. కుర్చీ ఖాళీ. నాన్న కూడా అటే చూస్తున్నాడు, అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. పెళ్ళికూతురు ఏడవడం మామూలే కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు.

అమ్మ వచ్చేసరికి పట్టుచీర కొంగు నడుముకు దోపి ఉంది, మోచేతి దాకా పసుపు.

"అయిపోయినాదా?" అంది. నేను తల ఊపాను. "మేళం వింటిని లే," అంది.

భోజనాల్లో పప్పును అందరూ మెచ్చుకున్నారు. మా మామగారు మూడోసారి వేయించుకున్నారు. ఆ సమయానికి సైకిలు దిగి వచ్చిన కాంట్రాక్టరును పిలిచి, పప్పంటే ఇదీ అని భుజం తట్టి, తన చిన్నకొడుకు పెళ్ళి వంట ఒప్పుకోమన్నారు. అతను ఒప్పుకున్నాడు. నాన్న అతన్ని ఏమీ అనలేదు. జాబితా మీద సంతకం తనదే. ఇంటికి తిరుగు రైలెక్కేదాకా అమ్మ ముఖం మాత్రం చూడలేకపోయాడు.

అయిదారేళ్ళకు మా చెల్లెలి పెళ్ళి కూడా తిరుత్తణిలోనే అయింది. ఈసారి కాంట్రాక్టరు వేరు. జాబితా అమ్మకు చదివి వినిపించాడు నాన్న. పప్పు దగ్గర రెండుసార్లు చదివాడు. అయినా ఆయనకు నమ్మకం కలగలేదు. కన్యాదానం అయిందో లేదో పీటల మీద నుంచి లేచి, పట్టుపంచె ఎగ్గట్టాడు.

"నువ్వు ఈడ్నించి కదలొద్దు. పప్పు నేను చూసుకుంటా," అని అమ్మతో చెప్పి వంటింట్లోకి వెళ్ళాడు. మేళం మోగినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు.

తాళి కడుతున్నప్పటి ఫోటో ఇప్పటికీ చెల్లెలింట్లో గోడకుంది. అందులో నాన్న లేడు. అమ్మ ఉంది, ముందు వరసలోనే, పట్టుచీరలో, చేతినిండా అక్షింతలతో. అందరి కళ్ళూ తాళి మీద ఉన్నాయి. అమ్మ ఒక్కతే మెడ తిప్పి వంటింటి వైపు చూస్తోంది.