పాత బడిలో చివరి లాంగ్‌బెల్

మా పాప తలమీద సున్నం రాలింది. పైకి చూస్తే దూలం చీలుతోంది! కోటబొమ్మాళి దగ్గర మా ఊరి పాత బడిని కూల్చేస్తారంటే, చివరిసారి చూద్దామని అక్కడ చదివినవాళ్లమంతా మూడో తరగతి గదిలో చేరాం.

"బయటికి రండి!" అని అరిచాను.

"ఒలే, నీకేటి సూసినా బయ్యమే! ముందు పొటోకి నవ్వు" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు.

నా పిల్లలిద్దరినీ లాక్కుని బయటపడ్డాను. వేపచెట్టుకు గంటగా కట్టిన రైలుపట్టా ముక్క ఇంకా వేలాడుతోంది. రాయి తీసుకుని ఆపకుండా కొట్టాను. బడి వదిలే లాంగ్‌బెల్! అంతే, నలభయ్యేళ్లవాళ్లు కూడా "హో" అంటూ బయటికి ఉరికారు. ఆ వెనకే దూలం, పెంకులు కుప్పకూలాయి.

"బతికించినావే సెల్లీ!" అన్నాడు అన్నయ్య.

మర్నాడు పొద్దున్నే పిల్లలకు చెప్పాను: "భయమేస్తే దాచుకోకండి. మావయ్య నవ్వినా సరే, గట్టిగా చెప్పండి."