పస్తున్న మినుముకు నేను పెట్టిన విందు

కోపం వల్ల జరిగే నష్టం మహా అయితే ఒక గిన్నె సొట్ట పోవడం. దయ వల్ల ఎంత నష్టం జరగగలదో మాత్రం మీరు ఊహించలేరు. మా మేడమ్ ఏళ్ళ తరబడి పడ్డ శ్రమని నేను ఒక్క చెంచాడు యూరియాతో నిలువునా ముంచబోయాను. అదీ చిరునవ్వు నవ్వుతూ, మొక్కలతో కబుర్లు చెబుతూ.

అప్పుడే నాకు బాపట్లలో ఒక పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఏ కేంద్రమని అడక్కండి, ఇంకా ఆ గేటు ముందునుంచి తిరగాల్సిన దాన్ని. మాది తెనాలి. పొద్దున రైల్లో వెళ్ళడం, సాయంత్రం రైల్లో రావడం. ఎమ్మెస్సీ పట్టా మీద సిరా ఇంకా ఆరలేదు గానీ, మొక్కల గురించి నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది మొక్కలకి కూడా తెలిసి ఉండదన్న ధీమాతో తిరిగేదాన్ని.

మా మేడమ్ పేరు నస్రీన్. మెత్తగా మాట్లాడే మనిషి. మినుము వేళ్ళ సంగతి ఎత్తితే మాత్రం ఆవిడ కళ్ళు పెట్రోమాక్స్ లైట్లలా వెలిగేవి. మినుము, పెసర, కంది, ఏ పప్పుమొక్కని పీకి చూసినా వేళ్ళకి చిన్నచిన్న బొడిపెలు కనిపిస్తాయి. వాటిలో బాక్టీరియా కాపురం ఉంటుంది. మొక్క వాటికి తీపి పెడుతుంది, అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి తిండిగా మార్చి ఇస్తాయి. మన వైపు వరి కోతకి ముందు చేలో మినుములు చల్లేసి ఇంటికొచ్చి పడుకున్నా పండుతాయంటే అది ఈ కాపురం పుణ్యమే.

మేడమ్ ఊరెళ్ళే సాయంత్రం నన్ను కుండీల దగ్గరికి పిలిచారు.

"ఎస్తేరూ, ఇవన్నీ మనం కలిపిన రెండు రకాల మినుముల మనవలు. ఇసుకలో పెంచుతున్నాం. ఎరువు వెయ్యలేదు, బాక్టీరియా మాత్రం కలిపాం. వీటిలో కొన్నిటికి..."

నా చూపు గోడ గడియారం మీద ఉంది. రైలు స్టేషన్ దాకా వచ్చేసినట్టు నా చెవిలో కూత వినపడుతోంది.

"...అందుకని నేనొచ్చేదాకా నీళ్ళు తప్ప ఇంకేం పొయ్యకు. అర్థమైందా?"

"అర్థమైందండి మేడమ్."

నాకు అర్థమైనదల్లా రైలు టైమైందని.

నాలుగు రోజులు గడిచాయో లేదో, కుండీల్లో కొన్ని మొక్కలు పసుపుపచ్చగా తిరిగాయి. పక్కవి నిగనిగలాడుతుంటే ఇవి మాత్రం పరీక్ష తప్పిన పిల్లల్లా తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి. నా గుండె చెరువైపోయింది. ఫోటో తీసి రేపల్లెలో ఉన్న మా బాబాయికి పంపించాను. ఆయన ఏటా మినుము వేస్తాడు. వెంటనే ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఇది పల్లాకు తెగులా?"

"పల్లాకైతే పసుపు మచ్చలు మచ్చలుగా వస్తదమ్మా. ఇది ఆకంతా ఒకటేలాగ వెలిసిపోయింది. ఏంటి, వాటికి తిండి పెట్టట్లేదా?"

"నీళ్ళు పోస్తున్నాం."

"ఉత్త నీళ్ళు తాగి నువ్వుంటావా?"

"ఉండలేను."

"మరి? కాస్తంత యూరియా కలిపి పొయ్యి. మీ మేడమ్‌ని ఒకమాట అడిగావా?"

"ఇంత చిన్న విషయానికి ఆవిణ్ణెందుకు బాబాయ్ ఇబ్బంది పెట్టడం?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కపోయినా పెట్టిన అమ్మని నేను. మగ్గు నీళ్ళలో యూరియా కరిగించి ఒక్కొక్క మొక్కకీ బుజ్జగిస్తూ పోశాను. వారం తిరక్కుండా పసుపు దిగిపోయింది, ఆకులు పచ్చబడ్డాయి. నా సంతోషం పట్టలేకపోయాను. ఇంతలో మొదట్నుంచీ పచ్చగా ఉన్నవి నావంక అదోలా చూస్తున్నట్టు అనిపించింది. ఒకే పంక్తిలో కూచోబెట్టి కొందరికే వడ్డిస్తే పాపం కాదూ? వాటికీ తలా ఒక గుక్క పోశాను.

మేడమ్ తిరిగొచ్చిన పొద్దున ఒంటరిగా రాలేదు. ఈ పని ఇంకా కొనసాగించాలా, ఆపెయ్యాలా అని తేల్చడానికి పై ఊరినుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. వాళ్ళు ఆఫీసులో కాఫీ తాగుతుంటే మేడమ్ ముందుగా కుండీల దగ్గరికి వచ్చారు. అటు చూశారు, ఇటు చూశారు.

"ఎస్తేరూ, పసుపు మొక్కలేవి?"

"లేవండి మేడమ్!" అన్నాను, పతకం కోసం మెడ వంచినంత వినయంగా.

"లేవంటే?"

"నయమైపోయాయండి!"

"నయమా?"

"యూరియా పోశానండి."

"వేటికి?"

"అన్నిటికీనండి. తేడా చూపించకూడదు కదండి."

ఆవిడ బోర్లించి ఉన్న కుండీ మీద మెల్లగా కూచున్నారు.

"తేడా కోసమే కదమ్మా మనం బతుకుతున్నది," అన్నారు.

ఆ రోజు నేను వినకుండా వదిలేసిన సగం మాట అప్పుడు చెప్పారు. మేడమ్ దగ్గర ఒక చెవిటి మినుము రకం ఉంది. బాక్టీరియా వచ్చి తలుపు తట్టినా దాని వేరుకి వినపడదు, బొడిపె కట్టదు. దానిని మంచి రకంతో కలిపితే పిల్లలందరికీ చెవులు బాగానే ఉన్నాయి. కానీ ఆ చెవుడు ఒక్క జన్యువు లోపమే అయితే, మనవల్లో నలుగురికి ఒకరు చొప్పున మళ్ళీ చెవిటివాళ్ళు పుట్టాలి. తిండి అందక పసుపుపచ్చగా తిరిగినవి అవే. ఈ రోజు ఆ పెద్దల ముందు లెక్కపెట్టి చూపించాల్సినవీ అవే.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా మందుకి లేని నాలుక మొలిచింది. అదే వచ్చిన చిక్కు.

"మేడమ్, నేను ఇంటికెళ్ళిపోనా అండి?" అన్నాను. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చేశాయి.

"రైలు సాయంత్రం కదా. బకెట్‌తో నీళ్ళు పట్టుకురా," అన్నారు.

అడుగుల చప్పుడు వినపడింది. నేను బకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాను, సగం నీళ్ళు నా కాళ్ళ మీదే పడ్డాయి. వచ్చినవాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "అన్నీ పచ్చగానే ఉన్నాయి కదండి డాక్టర్ గారూ?" అన్నారు.

"అవునండి. పోయినసారి మీరొక సందేహం అడిగారు. పసుపు మొక్కలకి చెవుడొక్కటే లోపమా, మొక్కే రోగిష్టిదా అని. ఇప్పుడు యూరియా పోశాం. ఆకు చూసి ఏది చెవిటిదో చెప్పగలరా?"

ఆయన వంగి వంగి చూశారు. "చెప్పలేనండి."

"అయితే వేరునే అడుగుదాం."

మేడమ్ ఒక కుండీ వంచి, ఇసుకలోంచి మొక్కని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి నీళ్ళలో ఆడించారు. వేరు నిండా బొడిపెలు. గోటితో ఒకటి చిదిపి చూపించారు. లోపల ఎర్రగా, మన నెత్తురు రంగు. చదువుకున్నాను గానీ కళ్ళతో చూడటం అదే మొదటిసారి, ఏడుపు మరిచిపోయి నోరు తెరిచాను. తరవాతి మొక్కకీ బొడిపెలే. ఆ తరవాతది కడిగితే వేరు నున్నగా, జడ విప్పిన జుట్టులా ఉంది. ఒక్క బొడిపె లేదు, పైన ఆకు మాత్రం పచ్చగా నవ్వుతోంది. అలా వరసంతా కడిగేసరికి నలుగురికొకరు లెక్క నిలబడింది.

"ఇంకొక్క వారం పోసుంటే మంచివాటి బొడిపెలు కూడా వాడిపోయేవి. కూచోబెట్టి తిండి పెడితే కాపురం ఎవరు చేస్తారు?" అని మేడమ్ నా చెవిలో గొణిగారు.

పెద్దాయన మొహం వికసించింది. "మొక్కలో ఏ జబ్బూ లేదన్నమాట! తలుపొక్కటే తెరుచుకోలేదు. భేషండి! ఈ యూరియా ఆలోచన ఎవరిది?"

"మా ఎస్తేరుదేనండి," అన్నారు మేడమ్. "ఎవర్నీ అడక్కుండా తనంతట తనే చేసింది."

ఆయన నా తడిచేతిని పట్టుకుని ఊపారు. "ఇలాంటి చొరవే కావాలమ్మా!"

వాళ్ళు వెళ్ళాక మేడమ్ నన్నొక్క మాట అనలేదు. "మళ్ళీ విత్తనం పెట్టు. ఈసారి సగానికి పొయ్యి, సగాన్ని మాడ్చు. జాలేస్తే బయటికెళ్ళి ఏడిచిరా," అన్నారు, అంతే. పాడైపోయిన దాంట్లోంచి ఇంకొక నిజాన్ని బయటికి లాగే తెలివి, ఆ పేరుని నాకు ఇచ్చేసే మనసు, రెండూ ఒకే మనిషిలో ఉండటం నేను తరవాత చాలాచోట్ల వెతికాను. చాలా అరుదండి.

కాబట్టి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పసుపుపచ్చగా ఏ ప్రాణి కనపడినా, తాతముత్తాతల దాకా దాని వంశం ఆరా తియ్యకుండా గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వను. మొన్న దుగ్గిరాలలో ఒక స్నేహితురాలి పెళ్ళికి వెళితే, పెళ్ళికూతురు మొహం నిండా పసుపుతో "ఎస్తేరూ, ఆకలేస్తోందే" అని జాలిగా చూసింది. చేతులు వెనక్కి కట్టుకుని, "ముందు మీ అమ్మమ్మగారిని పిలువు" అన్నాను.