విటమిన్ గోలీలు

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోరుట్లలో నాకు మందుల దుకాణం ఉండేది. ఎదురు వాడలో బీడీలు చుట్టే అమ్మాయి, పేరు రజిత అనుకుందాం, మొహం నిండా మొటిమలు. జగిత్యాల డాక్టరు గోలీలు రాసి, నెలనెలా తనకు చూపించుకున్నాకే మళ్లీ కొనమన్నాడు. ఇంతలో తెలంగాణ సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి. ఆమె నా దగ్గరకే వచ్చింది. భర్త దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడని, పిల్లల కోసం చూస్తున్నామని, ఇవి మింగొచ్చా అని అడిగింది. బంద్ చేయించేవాళ్లు వీధి మొదట్లోకి వచ్చేశారు. నేను షట్టర్ సగం దించి ఉన్నాను. గర్భిణులు వాడకూడదన్న హెచ్చరిక డబ్బా మీద ఉంది. డబ్బా నా దగ్గరే ఉంచుకుని, గోలీల పట్టీ కత్తిరించి చేతిలో పెట్టాను. విటమిన్ గోలీలే, ఏం కాదన్నాను.

అబద్ధమా? పూర్తిగా కాదు. అవి విటమిన్ ఎ జాతివే. కడుపులో పిండానికి రక్తనాళాలు ఏర్పడేటప్పుడు దారి చూపేది ఆ జాతి పదార్థమేనని, మోతాదు మించితే గుండె నుంచి బయల్దేరే నాళాలు సరిగా విడిపోకపోవచ్చని చదివి పరీక్ష రాసినవాణ్ణి. తెలియక కాదు. తొందరలో ఉన్నాను, అంతే.

కడుపు నిలిచింది. తెలియక ఆమె గోలీలు మింగుతూనే ఉంది. పుట్టిన పాపకు, గుండె దగ్గర రెండుగా చీలాల్సిన పెద్ద నాళం ఒకటిగానే ఉండిపోయిందట. ఒళ్లు నీలంగా మారి, పాలు తాగలేక, పేరు పెట్టకముందే పోయింది. కడుపుతో ఉండి, సమ్మెవాళ్లు రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పులో ఎండన కూర్చున్నందుకే ఇలా అయిందని అత్త తేల్చేసింది.

తర్వాత రజిత ఒక్కసారి దుకాణానికి వచ్చింది.

"ఏమన్న మందులు మింగినవా అని డాక్టర్ అడిగిండు అన్నా. విటమిన్ గోలీలు తప్ప ఏం మింగలే అని చెప్పిన. గా ఎండల కూసోకపోతే నా బిడ్డ బతుకుతుండె. గంతేనా?"

"గంతే చెల్లె," అన్నాను.

అత్తవారు ఆమెను సిరిసిల్లలోని పుట్టింటికి పంపేశారు. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతోందని విన్నాను. చాలాసార్లు సిరిసిల్ల బస్సెక్కి, వేములవాడలోనే దిగి వెనక్కి వచ్చాను. లైసెన్సు పోతుందని భయమా? అదీ ఉంది. ఆమె ఇక నన్ను అన్నా అని పిలవదని ఇంకా ఎక్కువ భయం.

రజితా, ఎండ కాదు. నువ్వు కాదు. నేనిచ్చిన గోలీలు. నీకు చెప్పాల్సింది ఎవరికో చెబుతున్నాను. అయినా రాశాక నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. నువ్వు మాత్రం ఇంకా ఆ ఎండలోనే కూర్చుని ఉన్నావు.